శుక్రవారం ముట్టుకోకూడదు

"ఆ ప్లగ్గు మిక్సీదండీ. ఈ ఫ్లాట్‌లో పాలు పొంగించిన రోజు నుంచీ మిక్సీదే."

"ఎన్నిసార్లు చెప్పాలి లక్ష్మీ? ఇన్వర్టర్ లైను ఉన్న ప్లగ్గు ఇల్లు మొత్తానికీ అదొక్కటే. కరెంటు పోయి మిక్సీ ఆగితే కొంపలేం మునిగిపోవు. సర్వర్ ఆగితే నీ క్లాసే ఆగిపోతుంది."

"ఇప్పుడేదో నడుస్తున్నట్టు! ఆగిపోవాలంటే ముందు నడవాలి కదా."

రఘురామ్ వంటింటి గట్టు మీద పోపులపెట్టెకీ నూనె డబ్బాకీ మధ్య ఇరికించిన పాత కంప్యూటర్ పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చి ఏదో వైరు తడుముతున్నాడు. పెట్టెకి ఒక పక్క రేకు ఊడదీసి ఉంది. లోపల ఫ్యాను ముసలి పిల్లిలా గురక పెడుతోంది. లక్ష్మీకుమారి చేతిలో మిక్సీ గిన్నె, గిన్నెలో కొబ్బరీ పచ్చిమిర్చీ. స్టవ్ మీద పెనం కాలి కాలి పొగ వదులుతోంది. ఈ వాదన ఇవాళ పుట్టింది కాదు. ఏ పూట దోశలు పోస్తే ఆ పూట, పచ్చడి దగ్గరికి వచ్చేసరికి లేచి కూర్చుంటుంది.

హాల్లోంచి అత్తగారు మాణిక్యాంబ గొంతు వినిపించింది. "ఒరేయ్ రఘూ, ఆ పెట్టె పచ్చడి రుబ్బుతుందేమో కనుక్కోరా. నాకు ఆకలేస్తోంది."

"అమ్మా, నువ్వు ఆగవే."

"నేను ఆగుతాను నాన్నా. నా షుగరు ఆగాలిగా."

లక్ష్మీకుమారి మిక్సీని చంకన పెట్టుకుని బాల్కనీలోకి వెళ్లింది. వాషింగ్ మెషిన్ ప్లగ్గుకి తగిలించి, నేల మీద గొంతుక్కూర్చుని పచ్చడి రుబ్బింది. ఎదురు ఫ్లాట్ పంజాబీ ఆవిడ బట్టలారేస్తూ వంగి చూసి, "క్యా హువా భాభీజీ, కిచెన్ మే జగహ్ నహీ హై?" అని నవ్వింది.

"హై జీ. కిరాయే పే దే దియా," అంది లక్ష్మీకుమారి, వంటింటి చోటు అద్దెకిచ్చేశామని. నవ్వలేదు.

అసలు ఇదంతా ఆవిడ పాట కోసం మొదలైందంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు.

ఢిల్లీ పక్కన వైశాలికి వచ్చిన కొత్తలో కింది అంతస్తులో ఇద్దరు తెలుగువాళ్లు ఉండేవాళ్లు. శుక్రవారం సాయంత్రం దీపం పెట్టాక వాళ్లు వచ్చి కూర్చుంటే, లక్ష్మీకుమారి మంగళహారతులు నేర్పేది. నలుగు పాటలు, అప్పగింతల పాటలు, ఊయల పాటలు, పిఠాపురంలో అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నవన్నీ. నేర్చుకున్నవాళ్లు ఇంకొకళ్లని తీసుకొచ్చారు. తరవాత ఉద్యోగాలు మారాయి, బదిలీలు వచ్చాయి. ఒకావిడ గుర్‌గావ్, ఒకావిడ పుణె, ఒకావిడ జోధ్‌పూర్. ఎవరూ పాట మాత్రం వదల్లేదు. అప్పుడు ఫోన్లో లైవ్ మొదలుపెట్టింది. అంతకుముందు అందరూ కలిసి మాట్లాడుకునే వీడియో కాల్ కూడా ప్రయత్నించి చూసింది. ఒకరింట్లో కుక్కర్ కూత, ఒకరింట్లో కుక్క, ఇంకొకరి మావగారు బనీనుతో అడ్డంగా నడిచిపోవడం. ఆ గోలలో శ్రుతి ఎక్కడ నిలుస్తుంది? ఆవిడ పాడాలి, వాళ్లు ఎవరిళ్లలో వాళ్లు వెనక అందుకోవాలి. అంతే కావాల్సింది.

అందరూ వాడే పెద్ద వీడియో సైటులోనే పెట్టుకుంది. వానలు ఇంకా పట్టని ఒక శుక్రవారం, పాట మధ్యలో బొమ్మ మాయమైపోయింది. ఈ పాట హక్కులు వేరేవాళ్లవి అని ఒక నోటీసు వచ్చింది. ఆ పాట అమ్మమ్మ కోటమ్మది. అరిసెల పాకం కలుపుతూ తనకి తాను కట్టుకున్నది.

"పసుపు గడపకు మొక్కి పిలిచినామమ్మా, పసిడి ప్రమిదను తెచ్చి నిలిపినామమ్మా" అని మొదలవుతుంది. ఆ వరసలో ఇంకెవరో ఏదో పాడి అమ్ముకుని ఉంటారు. మిషనుకి కోటమ్మ ఎవరో ఏం తెలుసు?

ఆ సాయంత్రం లక్ష్మీకుమారి ఏడవలేదు గాని, అన్నం తినలేదు. అది చూసి రఘురామ్‌కి పౌరుషం వచ్చింది.

"అద్దింట్లో ఉన్నంతకాలం ఇంటివాడు పొమ్మంటే పోవాల్సిందే. మన పాటకి మన ఇల్లు మనమే కట్టుకుందాం. పాతికేళ్లుగా నోయిడాలో కూర్చుని ఊళ్లోవాళ్ల సర్వర్లన్నీ నడుపుతున్నాను. నా పెళ్లానికి ఒకటి పెట్టలేనా?"

ఆ మాటకి ఆవిడ గుండె నిండిపోయింది. పెళ్లయ్యాక ఆయన తన పాట గురించి అంత పెద్ద వాక్యం మాట్లాడటం అదే మొదలు. నవ్వుతూ, ఆనందంగా, తన నెత్తిన తానే బండ పెట్టుకుంది.

ఆయన చెప్పింది వినడానికి సులువుగానే ఉంది. అటక మీద పడి ఉన్న పాత కంప్యూటర్నే సర్వర్ చేస్తాడు. హాల్లో దేవుడి మందిరం ముందు స్టాండుకి తగిలించిన పాత ఫోను ఆవిడ పాటని ఈ పెట్టెకి పంపుతుంది. ఎవరు లింకు నొక్కితే వాళ్లింటికి పెట్టె పంపిస్తుంది. మధ్యలో ఎవడి పెత్తనమూ ఉండదు. ఎవడూ ఆపలేడు.

ఎవడూ ఆపక్కర్లేకుండానే ఆగిపోయింది.

మొదటి శుక్రవారం ఒక్కళ్లూ లోపలికి రాలేకపోయారు. ఇంటర్నెట్ వాళ్లు వాడకట్టు మొత్తానికీ బయటికి ఒకే చిరునామా ఇస్తారట. పేటంతా ఒకటే డోర్ నంబరైతే పోస్టుమాన్ ఎవరి తలుపు కొట్టాలి? విడిగా ఒక చిరునామా ఇమ్మని ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. అది వచ్చాక, తరవాతి శుక్రవారం సరిగ్గా హారతి వెలిగించే వేళకి కరెంటు పోయింది. సొసైటీ జనరేటర్ అందుకునేలోగా ఆ కాస్త సందులో పెట్టె ప్రాణం విడిచింది. అప్పుడే దానికి వంటింటి ప్లగ్గు రాసిచ్చేశాడు. మిక్సీ నిర్వాసితురాలైంది.

ఆ పైన ఆఫీసు రోజులు వచ్చాయి. వారంలో సగం రోజులు ఆయన నోయిడా వెళ్లక తప్పదు. పెట్టె మాత్రం ఆయన ఇంట్లో లేనప్పుడే అలిగేది. అక్కణ్ణుంచి ఫోను చేసి, "లక్ష్మీ, స్క్రీన్ ముందు కూర్చో. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు. ఎస్, యు, డి, ఓ, స్పేస్..." అనేవాడు. ఆవిడ ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో గరిటె పట్టుకుని నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కొట్టేది.

"ఏమొచ్చింది?"

"ఎర్రగా ఏదో వచ్చింది."

"ఏదో అంటే? చదువు."

"చారు పొంగుతోందండీ!"

"చారు పొంగితే పొంగనీ, ముందు ఎర్రది చదువు."

ఇలా నడుస్తూ నడుస్తూ ఉండగా ఒక శుక్రవారం పనిచేసింది.

పనిచేసిందంటే చక్కగా, ఏ వంకా లేకుండా పనిచేసింది. బొమ్మ ఆగలేదు. గొంతు తెగలేదు. లక్ష్మీకుమారి అమ్మమ్మ పాట చివరి చరణం దాకా పాడి, హారతి తిప్పి, గంట వాయించి లేచింది. క్లాసువాళ్ల ఫోన్ గ్రూపులో ఒకరి తరవాత ఒకరు ఫొటోలు పెట్టారు. వాళ్ల వాళ్ల టీవీల్లో ఈవిడ, టీవీ ముందు వాళ్ల హారతి పళ్లేలు. జోధ్‌పూర్ ఆవిడైతే టీవీకే బొట్టు పెట్టింది. ఆ రాత్రి లక్ష్మీకుమారి భర్తకి ఇష్టమని గుత్తొంకాయ చేసింది. రఘురామ్ కూర కలుపుకుంటూ, "ఇప్పుడున్నది ఉన్నట్టుగా ఒక కాపీ పక్కన దాచి పెట్టాను. ఇంక దీన్ని కొంచెం మెరుగు చెయ్యాలి," అన్నాడు.

ఆవిడకి అప్పుడే అనుమానం రావాల్సింది.

మెరుగు చేశాడు. లింకు ఎవరుపడితే వాళ్లు నొక్కితే ఎలా అని, లోపలికి రావాలంటే పేరూ పాస్‌వర్డూ కొట్టాలన్నాడు. ఆ పాస్‌వర్డులో పెద్దక్షరం ఉండాలి, అంకె ఉండాలి, నక్షత్రం గుర్తు ఉండాలి. అవతల ఉన్నది అరవై దాటిన అమ్మలు, చేతికి పసుపు తడి ఉన్న ఆడవాళ్లు. తరవాతి శుక్రవారం పాట బదులు ఇల్లంతా ఫోన్ల మోత. "లక్ష్మిగారూ, నక్షత్రం ఎక్కడుందండీ?" అని పుణె ఆవిడ. ఆయన ఆఫీసులో. దాచిన కాపీని తిరిగి ఎలా పెట్టాలో ఫోన్లో ఒక్కో అక్షరం చెప్పాడు, ఆవిడ కొట్టింది. సర్వర్ తెరిచే పాస్‌వర్డ్ కూడా కొండవీటి చాంతాడంత ఉండటంతో ఆవిడ మాటిమాటికీ తప్పు కొడుతుంటే విసిగిపోయి, "సరే, నీకు గుర్తుండేదిగా మార్చేసుకో, ఎలాగో చెప్తాను," అని అదీ చెప్పాడు. అంతా చక్కబడేసరికి అవతల ఎవరూ లేరు. దీపాలు కొండెక్కాక, కూరలు తరుక్కోవడానికి వెళ్లిపోయారు. ఇంటికొచ్చాక ఆయన మొదట చేసిన పని, "ఇది మరీ తేలిక, ఎవడైనా కనిపెడతాడు" అని ఆవిడ పెట్టుకున్న పాస్‌వర్డ్ తీసేసి తన చాంతాడు తిరిగి పెట్టడం. రెండోది, మెరుగులు మళ్లీ మొదలుపెట్టడం.

ఆ పై శుక్రవారం బొమ్మ ఇంకా స్పష్టంగా రావాలన్నాడు. స్పష్టంగానే వచ్చింది, గుండ్రంగా తిరిగే చక్రం.

"పనిచేస్తున్న దాన్ని ఎందుకు ముట్టుకున్నారండీ?" అని అడిగింది.

"పనిచేస్తోంది గాని బాగా పనిచెయ్యట్లేదు," అన్నాడు రఘురామ్. "తేడా నీకు తెలీదు."

"నాకు తెలిసిన తేడా ఒకటే. పాట వినిపించడం, వినిపించకపోవడం."

కూతురు తేజశ్రీ గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. వారాంతాల్లో ఇంటికొచ్చి ఈ గొడవ వింటూ, "మమ్మీ, పాపాకో ఛోడ్ దో నా. ఇట్స్ హిజ్ హాబీ," అని నాన్నని వదిలెయ్యమంది.

"హాబీ అయితే ఆయన పాట పాడుకోమను. నా పాట మీద ఎందుకు?"

శ్రావణం వచ్చింది. క్లాసులో మనుషులు సగానికి సగం పలచబడ్డారు. ఎవరూ మానేస్తున్నామని చెప్పలేదు. ఊరు వెళ్లామనీ, చుట్టాలు వచ్చారనీ చెప్పారు. ఆడవాళ్లకి మానేయడం తెలుసు, మొహమ్మీద చెప్పడం తెలీదు.

లీలావతి ఒక్కతే మొహమ్మీద చెప్పింది. ఆమె భర్త ఆర్మీలో సుబేదారు. ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్స్‌లో ఉంటారు. క్లాసులో అందరికన్నా చిన్నది, అందరికన్నా గట్టిగా పాడేది. వ్రతానికి రెండు మూడు రోజుల ముందు ఫోను చేసింది.

"అక్కా, మాకు పోస్టింగ్ వచ్చేసింది. బోర్డర్లో, రాజౌరీ వైపు. అక్కడికి ఆయనొక్కరే వెళ్తారు, ఈ నెలాఖరుకి మేం రూర్కీలో ఫ్యామిలీ క్వార్టర్స్‌కి మారిపోతాం. అక్కడ తెలుగువాళ్లే లేరంట."

"అయ్యో. మరి పిల్లాడి బడి?"

"అదంతా అలవాటే అక్కా. నేను ఫోను చేసింది అందుకు కాదు. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం కదా. సాయంత్రం హారతి నీ పాటతో ఇద్దామని ఇక్కడ నలుగురికి చెప్పాను. తెలుగువాళ్లు ముగ్గురూ, ఒక తమిళావిడా. అందరూ మా ఇంటికొస్తున్నారు. అదీ..."

"చెప్పు లీలా."

"ఏమీ అనుకోకు అక్కా. వస్తుందా నిజంగా? మొన్న చక్రం తిరుగుతుంటే పిల్లలు నవ్వారు. రాకపోతే ముందే చెప్పెయ్, టీవీలో ఏదో ఒక పాట పెట్టేస్తాను. నీ పాటయితే రూర్కీ వెళ్లినా శుక్రవారం శుక్రవారంలా ఉంటుంది. అది కూడా ఇలా అయితే... నాకింక మన భాషలో మాట్లాడే దిక్కు మా ఆయనొక్కడే. ఆయనకి ఫోన్ సిగ్నలుండదు."

"వస్తుంది," అంది లక్ష్మీకుమారి. ఎవరి ధైర్యంతో అన్నదో తనకే తెలీలేదు. ఫోను పెట్టాక వంటింట్లోకి వెళ్లి పెట్టె ముందు నిలబడింది. అది తన మానాన తాను గురక పెడుతోంది. శుక్రవారం గనక ఇది చక్రం తిప్పితే లీలావతి టీవీలో వేరే పాట పెట్టుకుంటుంది. ఒకసారి పెట్టుకున్నాక మళ్లీ ఎందుకు వెనక్కి వస్తుంది? మిగిలిన వాళ్లు మాత్రం ఎందుకొస్తారు? వారం మొత్తంలో ఎవరికీ వండి పెట్టకుండా, ఎవరికీ అందివ్వకుండా తనది అనుకునే ఆ కాస్త సేపూ పోతుంది. పోయిన సంగతి కూడా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర గట్టిగానే చెప్పింది. "పాస్‌వర్డులు తీసేసి, ఆ మంచి శుక్రవారం ఎలా ఉందో అలా పెట్టేయండి. వ్రతం అయ్యేదాకా ఏమీ మార్చకండి."

"పెట్టేశాను. చూడు, నడుస్తోంది," అని రఘురామ్ ఫోను తీసి చూపించాడు. నిజంగానే నడుస్తోంది. దేవుడి మందిరం, దీపం, పక్కన కుర్చీలో మాణిక్యాంబ.

మాణిక్యాంబ చేతిలో ఫోను పట్టుకుని తన్ను తాను చూసుకుంటూ, "ఒరేయ్, నేను ఇందాక ఎప్పుడో తుమ్మాను. ఇందులో ఇప్పుడు తుమ్ముతున్నాను," అంది.

"అరనిమిషం ఆలస్యం ఉంటుందమ్మా. వీడియో అలాగే వెళ్తుంది."

"అందుకేనా! లక్ష్మి హాల్లో పాడుతుంటే నా గదిలోకి గోడలోంచి ఒకసారి వినిపిస్తుంది, ఫోన్లోంచి మళ్లీ ఒకసారి. ఒక్క పాటకి రెండుసార్లు దణ్ణం పెట్టాల్సొస్తోంది."

అత్తాకోడళ్లిద్దరూ నవ్వారు. రఘురామ్ నవ్వలేదు. ఎవరో ఆయన కొలిచి కట్టిన గోడ వంకర అన్నట్టు మొహం పెట్టాడు. లక్ష్మీకుమారి అది గమనించింది.

"ఆలస్యమైతే అయింది," అంది వెంటనే. "అరనిమిషానికి హారతి ఆరిపోదు."

"అవుననుకో," అన్నాడాయన. అది ఒప్పుకున్నవాడి గొంతు కాదు.

శుక్రవారం ఆయన ఇంటి నుంచే పని. పొద్దున్న పూజ అయింది, తోరాలు కట్టుకున్నారు. మధ్యాహ్నం బస్సూ మెట్రో మారి తేజశ్రీ వచ్చింది, రాగానే ఏసీ కింద పడుకుంది. సాయంత్రం హారతి ముందు నైవేద్యానికి లక్ష్మీకుమారి పూర్ణం బూరెలకి కూర్చుంది. శనగపప్పు పూర్ణం ఉండలు చేసి పళ్లెంలో పేరుస్తోంది. పడగ్గదిలో టేబుల్ ముందు కూర్చుని రఘురామ్ ఎవరితోనో కాల్‌లో ఉన్నాడు. ఆయన గొంతు సహజంగానే పెద్దది. ఆఫీసు కాల్‌లో ఇంకా పెద్దది. అవతల ఉదయ్‌కిరణ్ అని, హైదరాబాద్ టీములో కొత్తగా చేరిన కుర్రాడు.

"ఉదయ్, ఇవాళ వారమేంటి?... ఆ, ఫ్రైడే. ఫ్రైడే మన రూలేంటి?... చిన్న చేంజా? నేను పాతికేళ్లలో పెద్ద చేంజ్ అని చెప్పినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు. అందరిదీ చిన్నదే. సిస్టమ్ నడుస్తోందా?... నడుస్తోంది కదా. నడుస్తున్నదాన్ని శుక్రవారం ముట్టుకోకూడదు. అంతే. కస్టమర్ అడిగాడా ఈ మార్పు?... అడగలేదు! మరెవరి ముచ్చట కోసం? నీ ముచ్చట కోసమా?... చూడు నాన్నా, రేపు అది పడిపోతే అవతల ఎవరి పని ఆగిపోతుందో నీకు కనపడదు. వాళ్లకి కనపడుతుంది. సోమవారం చూద్దాం. వెళ్లి ప్రసాదం తిను."

లక్ష్మీకుమారి చేతిలో ఉండ అలాగే ఉండిపోయింది. ఈ మాటలు ఆవిడ కొత్తగా వింటున్నవి కావు. ఏళ్ల తరబడి, చిక్కుళ్లు ఒలుస్తూ, చపాతీలు వత్తుతూ, గోడ అవతల నుంచి వింటున్నవే. ఎన్ని శుక్రవారాలు ఎంతమంది కుర్రాళ్లని ఇలాగే కేకలేశాడో! అయితే ఆ మాటలకీ ఈ ఇంటికీ ఏదైనా సంబంధం ఉందని ఆవిడకి గాని, ఆయనకి గాని ఇంతవరకూ తట్టలేదు.

నూనె కాగింది. ఉండలు పిండిలో ముంచి మొదటి వాయి వేసింది. అంతలో రఘురామ్ చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీస్తూ వంటింట్లోకి వచ్చాడు. ఈల వేసుకుంటూ పెట్టె దగ్గరికి వెళ్లి, స్టూలు మీద కూర్చుని కీబోర్డు ముందుకు లాక్కున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"రెండే రెండు నిమిషాలు. అమ్మకి పాట రెండుసార్లు వినపడుతోందంటోంది కదా. ఆ ఆలస్యం తగ్గించడానికి కొత్త వెర్షన్ దొరికింది. చిన్న మార్పే."

"ఏవండీ, ఇవాళ వారమేంటి?"

"శుక్రవారం. వ్రతం. తెలుసులేవోయ్, హారతికి ఇంకా అరగంట టైముంది."

"శుక్రవారమైతే ఏంటి రూలు?"

ఆయన వినలేదు. వేలు బటను మీద పడిపోయింది. తెర మీద అక్షరాలు వానలా కురిశాయి, కురిసి కురిసి ఆగాయి. పెట్టెలో ఫ్యాను ఒకసారి గట్టిగా అరిచి మెత్తబడింది. రఘురామ్ ఈల ఆగిపోయింది.

"ఒక్క నిమిషం," అన్నాడు.

అది ఎంత పెద్ద నిమిషమో ఆవిడకి తెలుసు. రెండో వాయి వేసి తీసింది. మూడోది వేసింది. హాల్లోంచి తేజశ్రీ, "పాపా, లింక్ నహీ ఖుల్ రహా! గ్రూప్ మే ఆంటీజ్ పూఛ్ రహీ హైఁ," అని, లింకు తెరుచుకోవట్లేదని అరిచింది. మాణిక్యాంబ, "నా ఫోన్లో చీకటిగా ఉందిరా, అమావాస్య ముందే వచ్చిందా?" అంది. స్టవ్ పక్కన ఉన్న లక్ష్మీకుమారి ఫోను టింగుమంది. లీలావతి పంపింది. హాల్లో చాప, చాప మీద పట్టుచీరల్లో నలుగురు, వాళ్ల ముందు ఏమీ లేని టీవీ. కింద ఒకటే మాట, "అక్కా?"

"ఒక్క నిమిషం లక్ష్మీ, ఇది ఇలా అవ్వకూడదు. దీనికి ఇంకేదో కావాలంటోంది. అది కూడా ఎక్కిస్తే..."

"లేవండి."

"ఏంటి?"

"ఆ స్టూలు మీంచి లేవండి." జల్లిగరిటె ఆయన చేతిలో పెట్టింది. "బూరెలు మాడకుండా చూడండి. బంగారు రంగు వచ్చాక తీయాలి. ముందే కదపకండి, పగిలిపోతాయి. మీకేమైనా మెరుగు చేద్దామనిపిస్తే చేతులు వెనక్కి కట్టుకోండి."

రఘురామ్ ఆవిడ మొహం చూసి, గరిటె పట్టుకుని మూకుడు ముందు నిలబడ్డాడు.

లక్ష్మీకుమారి కొంగుతో చేతులు తుడుచుకుని స్టూలు మీద కూర్చుంది. నల్ల తెర, ఎర్ర అక్షరాలు. వాటిని చదవలేదు. ఎర్రది వచ్చినప్పుడల్లా ఆయన చివరికి ఏం చెప్పించాడో అదే మొదలుపెట్టింది. ముందు ఆపడం. తరవాత కొత్తదాన్ని పక్కకి నెట్టడం. తరవాత దాచిన కాపీని తీసి దాని చోట పెట్టడం. తరవాత మళ్లీ మొదలుపెట్టడం. ఎస్, యు, డి, ఓ, స్పేస్. వేళ్లకి పిండి అంటుకుని ఒక అక్షరం రెండుసార్లు పడింది. చెరిపి మళ్లీ కొట్టింది. ఆయన చాంతాడు పాస్‌వర్డ్ అడిగితే, వెనక్కి తిరగకుండానే, "చెప్పండి," అంది. ఆయన నూనెలోకి చూస్తూ ఒక్కో అక్షరం చెప్పాడు.

పెట్టె ఫ్యాను మళ్లీ తన పాత గురక అందుకుంది.

"ఆ గయా! మమ్మీ, ఆ గయా!" లింకు తెరుచుకుందని తేజశ్రీ హాల్లోంచి పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది. "పాపా, ఆప్ క్యా కర్ రహే హో?"

"బూరెలు," అన్నాడు రఘురామ్.

లక్ష్మీకుమారి వెంటనే లేవలేదు. ఇంకో రెండు లైన్లు కొట్టింది. రఘురామ్ అటు చూడలేకపోయాడు. ఆగలేక ఒక బూరెని ముందే కదిపాడు. అది పగిలి పూర్ణమంతా నూనెలోకి వచ్చేసి చిటపటలాడింది.

హారతి అనుకున్న వేళకి కొంచెం అటూ ఇటూగా మొదలైంది. లక్ష్మీకుమారి ఫోనుకేసి చూడకుండా అమ్మవారికేసి చూస్తూ పాడింది. పసుపు గడపకు మొక్కి పిలిచినామమ్మా. ప్రతి పాదం తరవాత అలవాటు ప్రకారం అంత జాగా వదిలింది. ఆ జాగాలో ఎక్కడో కంటోన్మెంట్‌లో ఒక తమిళావిడ తప్పుల తడకగా అందుకుంటూ ఉంటుంది. ఇక్కడికి వినపడదు. వినపడక్కర్లేదు. పాట అయిపోయి, హారతి గంట మోత ఆగి, హాలు నిశ్శబ్దమయ్యాక మాణిక్యాంబ ఫోన్లోంచి చివరి చరణం చిన్నగా మళ్లీ మొదలైంది. పక్కనే పళ్లెం పట్టుకుని కోడలు నిలబడి ఉన్నా, ఆ ముసలావిడ ఫోన్లో హారతి వచ్చేదాకా ఆగి, తెర మీద వేళ్లు ఉంచి కళ్లకద్దుకుంది.

"ఇది కూడా ఇక్కడుందండీ అత్తయ్యగారూ," అంది లక్ష్మీకుమారి పళ్లెం చూపిస్తూ.

"అదీ అద్దుకుంటానే. ఒకటి పోయినా ఒకటుంటుంది."

గ్రూపులో ఫొటోలు పడటం మొదలైంది. జోధ్‌పూర్ ఆవిడ, పుణె ఆవిడ, వారాలుగా చుట్టాలొచ్చిన గుర్‌గావ్ ఆవిడ. లీలావతి ఫొటో పెట్టలేదు. గొంతు పంపింది. వెనక పిల్లల గోల, మధ్యలో ఆమె. "అక్కా, రూర్కీలో నెట్ బాగానే వస్తుందంట. కనుక్కున్నాను."

వడ్డనలు అయ్యాయి. నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. పులిహోర, బూరెలు, నెయ్యి. పగిలిపోయిన బూరె ముక్కలన్నీ రఘురామ్ ఎవరూ చెప్పకుండానే తన కంచంలో వేసుకున్నాడు. తరవాత ఆయనే మొదలుపెట్టాడు.

"అసలు తప్పెక్కడంటే లక్ష్మీ, ఆ కొత్త వెర్షన్‌కి ఇంకొకటి ముందు ఎక్కించుకోవాలట. రేపు పొద్దున్న కూర్చుని..."

"ఏవండీ," అంది లక్ష్మీకుమారి. గొంతు పెంచలేదు. అత్తగారికి నెయ్యి వడ్డిస్తూనే ఉంది. "అందరూ ఉన్నారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నాను. సర్వర్ పాస్‌వర్డ్ మార్చేశాను."

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. "ఎప్పుడు?"

"మీ బూరె పగిలినప్పుడు."

తేజశ్రీ కిసుక్కున నవ్వి, నాన్న మొహం చూసి నీళ్లు తాగింది.

"మీకేమన్నా మార్చాలనిపిస్తే నాకు చెప్పండి. సోమవారం చూద్దాం. ఆ మార్పు ఎవరడిగారో కూడా చెప్పాలి. లీలావతి అడిగితే లీలావతి అని, పుణె ఆవిడ అడిగితే పుణె ఆవిడని. ఎవరూ అడక్కపోతే అక్కర్లేదు. గురువారం దీపాలవేళ నుంచి శనివారం పొద్దుటి దాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. నేనూ ముట్టుకోను."

"నేనే కదా దాన్ని కట్టింది," అన్నాడు రఘురామ్. కోపంగా కాదు, దిక్కుతోచనట్టు. "పాస్‌వర్డ్ లేకపోయినా తెరవగలను, తెలుసా?"

"తెలుసు. తెరవగలరు," అంది. "తెరవరు."

రఘురామ్ తల్లికేసి చూశాడు. మాణిక్యాంబ బూరె గిల్లుతూ, "నావేపు చూడకురా. పాట రెండుసార్లు వినపడుతోందన్నాను గాని, బాగోలేదని ఎప్పుడన్నాను?" అంది.

ఆయన పగిలిన బూరె ముక్కని నేతిలో అద్దుకుని తిన్నాడు. చివరికి, "అయితే ఆ పెట్టెని తీసి నా గదిలో పెట్టేస్తాను. ప్లగ్గు గొడవైనా వదులుతుంది. నీ మిక్సీ నువ్వు పెట్టుకో," అన్నాడు.

"అక్కర్లేదు. ఇన్వర్టర్ లైను ఉన్న ప్లగ్గు ఇంటి మొత్తానికీ అదొక్కటే కదా. అది వంటింట్లోనే, నా కళ్లెదురుగానే ఉంటుంది." లక్ష్మీకుమారి తన కంచంలో పులిహోర వడ్డించుకుంది. "మిక్సీ మీ గదిలో ఆఫీసు టేబుల్ మీద పెట్టాను. పొద్దున్న మీ కాల్స్ తొమ్మిదింటికి కదా, పచ్చడి ఈలోగానే అయిపోతుంది. ఎప్పుడైనా ఆలస్యమైతే చిన్న చప్పుడే."